అబిలీనా, డాడ్జ్ సిటీనా? కాన్సస్ కౌబాయ్ ఊళ్ళలో ఏది ఎవరికి

కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉద్యోగం చేస్తున్నా, విచిటాలో చదువుకుంటున్నా, లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మనవాళ్ళు ముందు చూసేది కొలరాడో వైపే. రోజంతా కారు నడిపి డెన్వర్ చేరతారు. దారిలో ఏముందని అడిగితే "ఏముంటుంది, గడ్డి, గాలిమరలు" అంటారు. కౌబాయ్ అనగానే లోకమంతటికీ గుర్తొచ్చే ఊళ్ళు ఆ గడ్డి మధ్యలోనే ఉన్నాయి. వాటిలో పెద్ద పేరున్నవి రెండు, అబిలీన్, డాడ్జ్ సిటీ. రెండూ చిన్నవే. 2020 జనాభా లెక్కల ప్రకారం అబిలీన్‌లో 6,460 మంది, డాడ్జ్ సిటీలో 27,788 మంది ఉన్నారు.

రెండిట్లో ఏది అంటే, నా జవాబు ముందే చెప్పేస్తాను. చేతిలో ఒక్క పగలే ఉంటే, వెంట పెద్దవాళ్ళో చిన్నపిల్లలో ఉంటే అబిలీన్. ఒక రాత్రి బస చేయగలిగితే, అమెరికా పాత పడమటి (వెస్టర్న్) కథల మీద నిజంగా ఆసక్తి ఉంటే, వాసనకు ఓర్చుకోగలిగితే డాడ్జ్ సిటీ. ఆ వాసన సంగతి తర్వాత వస్తుంది, అది చిన్న విషయం కాదు.

టూరిస్టు కరపత్రాలు ఈ రెండు ఊళ్ళనీ ఒకే మూసలో పోస్తాయి. రెండిట్లోనూ సెలూన్ (అంటే అక్కడ సారా కొట్టు), మార్షల్ (ఊరి పోలీసు అధికారి), వీధిలో తుపాకీ పోరు. నిజానికి పశువుల కాలంలో ఈ ఊళ్ళ మధ్య పెద్ద తేడా లేదు కూడా. పశువులు పోయాక ఎవరేం చేశారన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. ఒక ఊరు పశువుల్ని పొమ్మని గోధుమ పట్టుకుంది. ఇంకొకటి తిరిగి తిరిగి మళ్ళీ పశువుల దగ్గరికే వచ్చింది. కారు దిగాక మీకు కనబడేదంతా ఈ ఒక్క తేడా నుంచే వస్తుంది.

అసలు ఈ ఊళ్ళు ఎందుకు పుట్టాయి

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సస్‌లో పొడుగు కొమ్ముల పశువులు లక్షల కొద్దీ ఉన్నాయి, కొనేవాడు లేడు. అక్కడ నాలుగు డాలర్లు పలికే పశువు ఉత్తరాది నగరాల్లో నలభై దాకా పలికేది. టెక్సస్ నుంచి అక్కడికి చేర్చే రైలు మాత్రం లేదు. ఇల్లినాయిస్‌కు చెందిన జోసెఫ్ మెకాయ్ అనే పశువుల వ్యాపారి కాన్సస్ మీదుగా పడుతున్న కొత్త రైలు దారిని చూశాడు. 1867లో అబిలీన్ అంటే ఓ డజను మట్టికప్పు గుడిసెలు. అక్కడ పట్టాల పక్కన దొడ్లు కట్టించాడు, వ్యాపారులు దిగడానికి మూడంతస్తుల హోటల్ లేపాడు, టెక్సస్‌కు మనుషుల్ని పంపి కబురు చెప్పించాడు. ఆ సెప్టెంబర్ 5న 20 పెట్టెల నిండా పశువులతో మొదటి రైలు తూర్పుకు కదిలింది. మందలు నడిచి వచ్చిన దారికి జెస్సీ చిజమ్ పేరు నిలిచింది. తల్లి చెరోకీ తెగ మనిషి, తండ్రిది స్కాటిష్ మూలం. ఆయన చేసింది వర్తకమే, టెక్సస్ మందను ఒక్కసారి కూడా తోలలేదు.

రెండు వేల పైచిలుకు పశువుల మందకు పది పన్నెండు మంది కుర్రాళ్ళు. రోజుకు పది పదిహేను మైళ్ళ నడక. జీతం నెలకు ముప్పై డాలర్లకు అటూ ఇటూ. వీళ్ళలో నల్లవాళ్ళు, మెక్సికన్లు చాలామంది ఉండేవాళ్ళు, తర్వాత వచ్చిన తెల్ల సినిమాల్లో మాయమైపోయారు. రెండు మూడు నెలలు దుమ్ము తిని, ఊరు చేరి, జీతమంతా ఒక్కసారి చేతిలో పడిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఏం చేస్తాడు? సెలూన్లు, పేకాట బల్లలు, డాన్సు హాళ్ళు వాడి కోసం ముందే తయారుగా ఉండేవి.

మరి సంత ఒకే ఊళ్ళో ఎందుకు నిలవలేదు? టెక్సస్ పశువుల ఒంటి మీద పిడుదులు ఉండేవి, మనలో కొందరు గోమార్లంటారు. ఆ పశువులకేమీ అయ్యేది కాదు. అవి నడిచిన గడ్డి మేసిన స్థానిక పశువులు మాత్రం జ్వరమొచ్చి చచ్చేవి. పిడుదే కారణమని శాస్త్రవేత్తలు 1893లో గాని ప్రకటించలేదు. అయినా రోగం ఎవరి వెంట వస్తోందో రైతులకు అనుభవంతో తెలుసు. వాళ్ళ ఒత్తిడికి కాన్సస్ ప్రభుత్వం టెక్సస్ పశువులు దాటకూడని గీత ఒకటి గీసింది. అబిలీన్ ఆ గీతకు లోపలే ఉంది గానీ, గవర్నర్ చూసీ చూడనట్టు వదిలేశాడు. సేద్యం పడమరకు జరిగిన కొద్దీ గీతా జరిగింది, దాంతోపాటే సంతా జరిగింది. 1867 నుంచి 1871 దాకా అబిలీన్, తర్వాత ఎల్స్‌వర్త్, విచిటా, 1876 నుంచి డాడ్జ్ సిటీ, దక్షిణ సరిహద్దులో కాల్డ్‌వెల్. 1885లో రాష్ట్రమంతా టెక్సస్ పశువులకు తలుపులు మూసేశారు.

ఈ పిడుదుల కథలో మనకూ ఒక చుట్టరికం ఉంది. ఎండకూ పిడుదులకూ తట్టుకునే పశువు కోసం అమెరికా దక్షిణాది రైతులు భారతదేశపు జాతుల్ని తెప్పించి, కలిపి, బ్రాహ్మన్ అనే జాతిని తయారుచేసుకున్నారు. అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. వాళ్ళు దాన్ని నెల్లూరు పేరుతో పిలిచారు. టెక్సస్ వైపు కారులో పోతుంటే కంచె అవతల మూపురం ఉన్న పశువు కనబడితే అది సగం మనూరిదే అనుకోవచ్చు.

అబిలీన్: పొమ్మన్న ఊరు

అబిలీన్ పశువుల వైభోగం ఐదేళ్ళే. 1870లో టామ్ స్మిత్ అనే మార్షల్ వచ్చాడు. ఊళ్ళో తుపాకీ పట్టుకు తిరగకూడదన్న నిబంధనను ఆయన పిడికిళ్ళతో అమలు చేశాడు. ఎదురు తిరిగినవాణ్ణి గుర్రం మీంచి లాగి కొట్టేవాడే తప్ప కాల్చేవాడు కాదు. ఆ నవంబర్‌లో ఊరి బయట ఒక రైతును అరెస్టు చేయబోయి హత్యకు గురయ్యాడు. సమాధి ఈ ఊరి శ్మశానంలోనే ఉంది. ఆయన తర్వాత 1871 ఏప్రిల్‌లో వచ్చిన వైల్డ్ బిల్ హికాక్ పేరు మాత్రం ప్రపంచానికంతా తెలుసు. అక్టోబర్ 5 రాత్రి హికాక్ ఫిల్ కో అనే జూదగాణ్ణి కాల్చాడు. ఆ చీకటి గందరగోళంలో సాయానికి పరిగెత్తుకొస్తున్న సొంత మనిషి మైక్ విలియమ్స్‌నూ కాల్చేశాడు. డిసెంబర్‌లో ఊరు ఆయన ఉద్యోగం పీకేసింది. మరుసటి ఏడాది మొదట్లో ఊరివాళ్ళు, రైతులు కలిసి టెక్సస్ వ్యాపారులకు మీ మందల్ని ఇంకెక్కడికైనా తోలుకోండని రాతపూర్వకంగా చెప్పేశారు. నన్నడిగితే ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా ధైర్యమైన పని ఏ మార్షలూ చేయలేదు, ఈ కాగితమే చేసింది. ఊరి ఆదాయం ఒక్క సీజన్లో పడిపోతుందని తెలిసే రాశారు.

పశువుల బదులు ఏం పట్టుకున్నారు? టీ.సీ. హెన్రీ అనే ఆయన రైలు దారి పక్క పొలాల్లో శీతాకాలపు గోధుమ పెద్ద ఎత్తున వేసి చూపించాడు. 1874లో రష్యా నుంచి వలస వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు టర్కీ రెడ్ అనే గట్టి ఎర్ర గోధుమ విత్తనం తెచ్చారు. కాన్సస్ గోధుమ రాష్ట్రమైంది ఆ విత్తనంతోనే. ఈ రోజు అబిలీన్ దగ్గరికి వస్తుంటే ముందు కనబడేది సెలూన్ కాదు, ఆకాశమంత ఎత్తు తెల్లటి ధాన్యపు గాదెలు.

ఇక ఊరికి అసలు ఆకర్షణ ఐసెన్‌హోవర్, రెండో ప్రపంచ యుద్ధంలో సేనాధిపతి, తర్వాత అమెరికా అధ్యక్షుడు. ఆయన పుట్టింది టెక్సస్‌లో, కానీ రెండేళ్ళ వయసు నుంచీ పెరిగింది ఇక్కడే. ఆరుగురు అన్నదమ్ములు పెరిగిన చిన్న తెల్లని ఇల్లు ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ మ్యూజియం, అధ్యక్ష గ్రంథాలయం, ఆయన సమాధి. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు నార్మండీ విభాగంలోనే రెండు గంటలు గడిపేస్తారు. మనవాళ్ళకు ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంది. పదవిలో ఉండగా భారతదేశానికి వచ్చిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే, 1959 డిసెంబర్‌లో. అంతకన్నా ముఖ్యంగా, 1954లో పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం మీద సంతకం చేసిందీ ఆయనే. మన అమ్మమ్మల తరం రేషన్ షాపుల ముందు నిలబడి తెచ్చుకున్న అమెరికా గోధుమలు ఆ చట్టం కింద ఓడలెక్కినవే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను తీసుకెళితే ఈ సంగతి చెప్పి చూడండి. మ్యూజియంలో అద్దాల పెట్టెల ముందు విసుగ్గా నిలబడ్డవాళ్ళు కూడా ఒక్కసారిగా కథలు మొదలుపెడతారు. మీరు వచ్చిన ఐ-70 కూడా ఆయన 1956లో సంతకం చేసిన హైవే చట్టం బిడ్డే.

మ్యూజియంకు ఎదురుగానే గ్రేహౌండ్ కుక్కల హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. పరుగు పందాల నుంచి రిటైరైన గ్రేహౌండ్లు లోపల మనల్ని పలకరిస్తాయి. పిల్లలకు ఐసెన్‌హోవర్ కన్నా ఇదే గుర్తుండిపోతుంది, అందులో అనుమానం లేదు. ఊరి చరిత్ర మ్యూజియంలో 1901 నాటి రంగులరాట్నం ఇంకా తిరుగుతోంది, ఎక్కి కూర్చోవచ్చు. అబిలీన్ అండ్ స్మోకీ వ్యాలీ రైల్‌రోడ్ వాళ్ళు వేసవి నెలల్లో పాత పెట్టెలతో పొలాల మధ్యగా ఎంటర్‌ప్రైజ్ అనే పక్క ఊరి దాకా రైలు నడుపుతారు. 1919లో తయారైన ఆవిరి ఇంజన్ ఒకటి ఉంది. అది అన్ని రోజులూ తిరగదు కాబట్టి టికెట్ కొనే ముందు ఏ రోజున ఆవిరి ఇంజనో చూసుకోండి. డీజిల్ ఇంజనైతే పిల్లలు నిరుత్సాహపడతారు.

ఓల్డ్ అబిలీన్ టౌన్ గురించి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కౌబాయ్ వీధి అని పేరే గానీ చాలావరకు తర్వాతి కాలంలో కట్టింది. వేసవి వారాంతాల్లో తుపాకీ పోరు ప్రదర్శన, కాన్‌కాన్ డాన్సు ఉంటాయి, మిగతా రోజుల్లో సద్దు ఉండదు. ప్రపంచంలోకెల్లా పెద్దదని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునే 28 అడుగుల గుర్రపు రౌతు మడమ ముల్లు (స్పర్) దగ్గర ఒక ఫొటో తీసుకుని ముందుకు సాగండి.

డాడ్జ్ సిటీ: వదలని ఊరు

డాడ్జ్ సిటీ మొదలైందే విస్కీతో. పక్కనున్న ఫోర్ట్ డాడ్జ్ సైనిక స్థావరంలో మద్యం నిషేధం కాబట్టి, 1872లో జార్జ్ హూవర్ అనే ఆయన అయిదు మైళ్ళ దూరంలో గుడారం వేసి సైనికులకు విస్కీ అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సెప్టెంబర్‌లోనే శాంటా ఫే రైలు వచ్చింది. ముందు అమ్మింది పశువుల్ని కూడా కాదు, బైసన్ల (అమెరికా అడవి దున్నల) తోళ్ళు. ఆ చుట్టుపక్కల మైదానాల్లో బైసన్లను రెండు మూడేళ్ళలో దాదాపు తుడిచిపెట్టేశారు. వాటి మీద బతికిన తెగల బతుకు కూడా దాంతోనే పోయింది. ఊళ్ళోని బూట్ హిల్ మ్యూజియంలో ఈ భాగం దగ్గర కొంచెం ఆగండి. జనం ఇక్కడ ఆగకుండా తుపాకుల గదికి పరిగెడతారు.

తర్వాత దాదాపు పదేళ్ళు పశువుల కాలం. వ్యాట్ అర్ప్, బ్యాట్ మాస్టర్సన్, డాక్ హాలిడే లాంటి, వెస్టర్న్ కథల్లో మారుమోగే పేర్లన్నీ ఇక్కడివే. అర్ప్ ఈ ఊళ్ళో ఎప్పుడూ మార్షల్ కాదు, అసిస్టెంట్ మార్షల్. మాస్టర్సన్ పాతికేళ్ళు నిండకుండానే కౌంటీ షెరీఫ్ అయ్యాడు. ఊరి మార్షల్‌గా ఉన్న ఆయన అన్న ఎడ్ 1878 ఏప్రిల్‌లో ఈ వీధుల్లోనే తూటా తగిలి చనిపోయాడు. బ్యాట్ మాత్రం చివరికి న్యూయార్క్ చేరి పత్రికలో ఆటల విలేకరిగా స్థిరపడ్డాడు. 1921లో తన ఆఫీసు బల్ల దగ్గరే కన్నుమూశాడు.

ఊరంతా రోజూ కాల్పులే అనుకుంటే పొరపాటు. పైన చెప్పిన ఐదు పశువుల ఊళ్ళూ కలిపి 1870 నుంచి 1885 దాకా జరిగిన హత్యలు 45 అని చరిత్రకారుడు రాబర్ట్ డైక్‌స్ట్రా లెక్క తేల్చాడు. ఊరి పెద్దలు వ్యాపారులు, కౌబాయ్ డబ్బు కావాలి గానీ శవాలు వద్దు. అందుకే రైలు పట్టాలకు ఉత్తరాన తుపాకీ పట్టుకు తిరగడం నిషిద్ధం అన్నారు, దక్షిణం వైపు చూసీ చూడనట్టు వదిలేశారు. కృష్ణ కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన మనకు ఇది కొంచెం చప్పగా అనిపిస్తుంది. డాడ్జ్ సిటీ కూడా ఆ చప్పదనాన్ని గట్టిగా చాటుకోదు. గన్‌స్మోక్ అనే టీవీ సీరియల్ 1955 నుంచి 1975 దాకా ఈ ఊరి పేరు మీద నడిచింది, ఇప్పటికీ ఊరికి టూరిస్టుల్ని తెచ్చి పెడుతున్నది అదే. అందులోని మార్షల్ కల్పిత పాత్ర.

బూట్ హిల్ మ్యూజియం పాత శ్మశానం ఉన్న గుట్ట మీదే ఉంది. కానీ శవాల్ని 1879లోనే వేరే శ్మశానానికి మార్చేశారు. ఇప్పుడు కనబడే సమాధి పలకలు అలంకారమే. అసలు ఫ్రంట్ స్ట్రీట్ 1885 అగ్నిప్రమాదాల్లో చాలావరకు కాలిపోయింది. మ్యూజియంలోని వీధి పాత ఫొటోలు చూసి కట్టిన నమూనా. అయినా అబిలీన్ నమూనా కన్నా ఇది చాలా మెరుగు, చెప్పడానికేమీ సంకోచం లేదు. లోపల పెట్టిన వస్తువులు అసలైనవి, వివరణలు జాగ్రత్తగా రాశారు, కొత్త భవనంలో ఏసీ ఉంది. వేసవిలో తుపాకీ పోరు ప్రదర్శన ఉంటుంది, లాంగ్ బ్రాంచ్ సెలూన్ నమూనాలో కూర్చుని సార్సపరిల్లా తాగవచ్చు. అది మన నన్నారికి దగ్గరి రుచి. షర్బత్ అలవాటున్న రాయలసీమవాళ్ళకు వెంటనే నచ్చుతుంది.

నాకు మ్యూజియం కన్నా ఎక్కువ నచ్చేది ఊరికి తొమ్మిది మైళ్ళు పడమర, హైవే 50 పక్కన, శాంటా ఫే ట్రైల్ బండి జాడలు. మిసోరీ నుంచి న్యూ మెక్సికోకు యాభై అరవై ఏళ్ళపాటు సరుకుల బళ్ళు పోయిన గాడులు గడ్డిలో ఇంకా పల్లంగా కనబడతాయి. టికెట్ లేదు, కాపలా లేదు, ఎవరూ ఉండరు. పొద్దు వాలే వేళ వెళితే నీడలు పడి గాడులు స్పష్టంగా తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నం వెళితే ఏమీ కనబడక తిట్టుకుంటూ వస్తారు.

ఇక వాసన. డాడ్జ్ సిటీ మీదుగా నూరో రేఖాంశం పోతుంది. దానికి పడమరన వాన తగ్గిపోతుందని అమెరికన్లు పాతకాలం నుంచీ చెప్పుకునే గీత అది. అబిలీన్ ప్రాంతంలో ఏడాదికి ముప్పై అంగుళాల పైచిలుకు వాన పడితే ఇక్కడ ఇరవై ఒకటీ ఇరవై రెండూ, దాదాపు మన అనంతపురం లెక్క. గోధుమ పండినా వాన మీద భరోసా లేదు. ఒగల్లాలా అనే పెద్ద భూగర్భ జలాశయం నీటిని పంపులతో తోడడం మొదలుపెట్టాక మొక్కజొన్న వచ్చింది, మొక్కజొన్న మేపడానికి పశువుల్ని వేల సంఖ్యలో ఒకచోట నిలిపే ఫీడ్‌లాట్లు వచ్చాయి, వాటి వెనకే కబేళాలు వచ్చాయి. కార్గిల్, నేషనల్ బీఫ్ రెండిటికీ ఇక్కడ పెద్ద ప్లాంట్లు ఉన్నాయి. రోజుకు వేల పశువులు. ఊరికి ఉద్యోగాలు అక్కడి నుంచే వస్తాయి, ఈ రోజు జనాభాలో సగానికి పైగా ఉన్న లాటినోలు చాలామంది ఆ పనుల కోసం వచ్చి స్థిరపడ్డవాళ్ళే. అంటే డాడ్జ్ సిటీ పశువుల కథను మ్యూజియంలో పెట్టి వదిలేయలేదు, ఇప్పటికీ దాని మీదే బతుకుతోంది. అసలైన పశువుల ఊరు చూడాలనుకుంటే దేశంలో ఇంతకన్నా నిజమైనది కష్టం.

గాలి అటునుంచి వీస్తే పేడ వాసన ఊరంతా నిండుతుంది. అమెరికాలో గాలి ఎక్కువగా వీచే ఊళ్ళలో ఇదొకటి కాబట్టి ఏ రోజు ఎటు వీస్తుందో అదృష్టం. అంతకన్నా అసలు ప్రశ్న వేరు. ఆవును పూజించే ఇంట్లో పెరిగిన అమ్మానాన్నలకు మైళ్ళ కొద్దీ దొడ్లలో కబేళాకు సిద్ధంగా నిలబడ్డ పశువుల్ని చూడటం ఎలా ఉంటుంది? కొందరు పట్టించుకోరు, కొందరు ఆ సాయంత్రం అన్నం ముట్టరు. మీ ఇంట్లోవాళ్ళ సంగతి మీకే తెలుసు. అనుమానం ఉంటే వాళ్ళను అబిలీన్‌కే తీసుకెళ్ళండి.

విచిటాలో ఉండేవాళ్ళకు

కారు లేని స్టూడెంట్లు ఈ రెండు ఊళ్ళకూ వెళ్ళలేక బాధపడనక్కర్లేదు. విచిటాలోనే నది ఒడ్డున ఓల్డ్ కౌటౌన్ మ్యూజియం ఉంది. 1872 నుంచి 1876 దాకా విచిటా కూడా పశువుల ఊరే. అర్ప్ డాడ్జ్‌కు వెళ్ళే ముందు ఇక్కడి పోలీసుల్లో పనిచేశాడు. 1860ల చివర కట్టిన ముంగర్ ఇల్లు లాంటి అసలైన పాత కట్టడాలు కొన్నిటిని తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. కమ్మరి, అచ్చుపని, వంటగది పని చేసి చూపిస్తారు. పాతకాలపు రోజువారీ బతుకు ఎలా ఉండేదో చూడాలంటే మూడింటిలో ఇదే మంచిది, నిజం చెప్పాలంటే. లేనిదల్లా చుట్టూ మైదానం, ఆ ఒంటరితనం. గేటు దాటగానే మళ్ళీ ట్రాఫిక్ సిగ్నల్.

దారి, తిండి, కాలం

అబిలీన్ ఐ-70 మీదే ఉంది. కాన్సస్ సిటీ నుంచి రెండున్నర గంటల లోపు, విచిటా నుంచి గంటన్నర, కాన్సస్‌లోనే ఉన్న మాన్‌హాటన్‌లో చదివేవాళ్ళకు ముప్పావు గంట. డెన్వర్ వెళ్తూ దారిలో మూడు గంటలు ఆగినా పనవుతుంది. జీపీఎస్‌లో కాన్సస్ అని తప్పకుండా చేర్చండి, ఇదే పేరుతో టెక్సస్‌లో ఇంకా పెద్ద ఊరుంది.

డాడ్జ్ సిటీ అలా దారిలో తగలదు. విచిటా నుంచి రెండున్నర గంటలు, కాన్సస్ సిటీ నుంచి ఐదు గంటల పైన, ఐ-70 నుంచి దాదాపు వంద మైళ్ళు దక్షిణంగా. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వద్దామనుకుంటే మ్యూజియం తప్ప ఏమీ చూడలేరు, అలసట మిగులుతుంది. ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది గానీ అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో, పిల్లలతో ఆ టెన్షన్ పెట్టుకోవద్దు. విచిటా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు గ్రీన్స్‌బర్గ్‌లో ఆగండి. 2007 మే 4న టోర్నడో ఆ ఊరిని దాదాపు నేలమట్టం చేసింది, మళ్ళీ కట్టుకున్నారు. అక్కడ 1880లలో చేత్తో తవ్విన 109 అడుగుల లోతు బావి ఉంది. మెట్లు దిగి లోపలికి వెళ్ళిరావచ్చు, బావులు చూసి పెరిగిన మనకే దాని విలువ తెలుస్తుంది.

తిండి విషయంలో డాడ్జ్ సిటీదే పైచేయి. మెక్సికన్ హోటళ్ళు మంచివి, కారం మన నాలుకకు సరిపోతుంది. శాకాహారులు బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని ఒకసారి అడగాలి, చాలాచోట్ల వేస్తారు. అబిలీన్‌లో ఫ్రైడ్ చికెన్, మెత్తటి బంగాళదుంప ముద్ద, పై. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్ళడమే మేలు. మ్యూజియం ఆవరణలో చెట్ల కింద కూర్చుని తినవచ్చు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా టోర్నడోల కాలం, వాతావరణం చూసుకుని బయల్దేరండి. జూన్‌లో గోధుమ కోతలప్పుడు అబిలీన్ చుట్టూ పొలాలు చూడముచ్చటగా ఉంటాయి. జూలై చివర, ఆగస్టు మొదట్లో రెండు ఊళ్ళలోనూ రోడియోలు (కౌబాయ్‌ల గుర్రాలు, ఎద్దుల స్వారీ పోటీలు). డాడ్జ్ సిటీ డేస్ పెద్దది, హోటల్ గది ముందే పట్టుకోకపోతే దొరకదు. అబిలీన్‌లో వైల్డ్ బిల్ హికాక్ పేరుతో జరిగేది చిన్నది. పక్కనే ఊరి జాతర, గొర్రెపిల్లల పోటీలు ఉంటాయి, పిల్లలకు ఇదే హాయి. ఎండ మాత్రం మన మే నెల ఎండే, గాలితో కలిపి. చలికాలంలో రెండూ వద్దు.

రెండూ చూసేశాక

ఇంకా ఆసక్తి మిగిలితే ఎల్స్‌వర్త్, కాల్డ్‌వెల్ ఉన్నాయి. సలైనాకు పడమర ఉన్న ఎల్స్‌వర్త్‌ను దగ్గర్లోని మష్రూమ్ రాక్ కొండరాళ్ళతో కలిపి ఒక పూటలో చూడవచ్చు. ఓక్లహోమా సరిహద్దులో వెయ్యి మంది జనాభా ఉన్న కాల్డ్‌వెల్‌లో చూడ్డానికి తక్కువే. ఊరి దక్షిణాన గుట్ట మీద మంద తోలుతున్న కౌబాయ్‌ల ఇనుప బొమ్మలు, అంతే. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్షల్ కథ ఆ ఊరిదే. హెన్రీ బ్రౌన్ అనే మార్షల్ ఊళ్ళో శాంతి నెలకొల్పాడని జనం మెచ్చుకుని 1883 కొత్త సంవత్సరం రోజున పేరు చెక్కించిన వించెస్టర్ తుపాకీ బహుమతిగా ఇచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న, పదవిలో ఉండగానే, ఆయన తన డిప్యూటీని, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని మెడిసిన్ లాడ్జ్ అనే ఊళ్ళో బ్యాంకు దోచుకోవడానికి వెళ్ళాడు. బ్యాంకు అధ్యక్షుడు, క్యాషియర్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. బ్రౌన్ పట్టుబడి ఆ రాత్రే జనం చేతిలో చచ్చాడు. మెడిసిన్ లాడ్జ్ కాల్డ్‌వెల్‌కు పడమరన ఉంది. విచిటా నుంచి బయల్దేరి రెండు ఊళ్ళూ చుట్టి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. దారిలో పెట్రోల్ బంకులు తక్కువ, ట్యాంకు నింపుకుని వెళ్ళండి.